తేయాకు పెట్టె నుండి గ్రామఫోను పలక వరకు

మాటయైనను పాటయైనను గాలిలో పుట్టి గాలిలోనే లయించునది. దానిని యంత్రమున నిలిపి దూరమునకు పంపుట మా వృత్తి కనుక, ఏ వాద్యబృందపు చరిత్ర చదివినను మేము మొదట వేసుకొను ప్రశ్న ఒక్కటే: నాటి ధ్వని ఏమైనను మిగిలినదా? ఇంగ్లండులోని లివర్‌పూల్ నగరమున 1956లో కొందరు బడిపిల్లలు కూర్చుకొన్న క్వారీమెన్ బృందము విషయమున, మిగిలినదనియే సమాధానము. 1960లో ఈ బృందమే బీటిల్స్ అయినది. ఆ తరువాతి కథ లోకవిదితము. మేము చెప్పదలచినది అంతకు పూర్వపు నాలుగేండ్ల ముచ్చట మాత్రమే.

1956 తొలి దినములలో లానీ డోనెగన్ పాడిన 'రాక్ ఐలండ్ లైన్' బ్రిటనులో ఇంటింటా మారుమ్రోగినది. అంతకు ముందు దానిని అమెరికాలో నల్లజాతి గాయకుడు లెడ్‌బెల్లీ పాడియుండెను. స్కిఫిల్ అను ఈ బాణీకి శాస్త్రజ్ఞానము గాని, ధనము గాని అక్కరలేదు. చవుక గిటారు ఒకటి, బట్టలుతుకు గరుకు పలక ఒకటి ఉన్న చాలును. వ్రేళ్లకు దర్జీవాని అంగుస్తానులు తొడిగి ఆ పలకపై గీచిన తాళమగును. తేయాకు పెట్టెను బోర్లించి, చీపురు కర్రకు దానికి నడుమ త్రాడు బిగించి మీటిన మంద్రస్వరము పలుకును. కర్రను వంచిన కొలది శ్రుతి మారును. అస్సాము నుండియు, సింహళము నుండియు తేయాకు నింపుకొని ఓడలెక్కిన పెట్టెలు తుదకు వాద్యములైనవన్న మాట.

క్వారీ బ్యాంకు పాఠశాలలో చదువుచుండిన జాన్ లెనన్ తన మిత్రులను చేర్చుకొని ఈ బృందమును నెలకొల్పినాడు. తల్లి జూలియా అతనికి బాంజో పట్లు నేర్పినది. ఆ పట్లనే అతడు గిటారుపై వాయించెడివాడు. రాత్రులందు రేడియో లక్సెంబర్గు తేలుచు మునుగుచు వినిపించు అమెరికా పాటలే ఈ పిల్లలకు గురుకులము. మన దేశమున 1952 తరువాత చలనచిత్ర గీతములకై శ్రోతలు రేడియో సిలోను వంక చెవియొగ్గిన ముచ్చట పెద్దలకు స్మరణకు రాకపోదు.

1957 జూలై 6వ తేదీన వూల్టన్ గ్రామపు చర్చి ఉత్సవమున వీరు వాయించినారు. ఆనాడే ఒక మిత్రుని మూలమున పదునైదేండ్ల పాల్ మెకార్ట్‌నీ లెనన్‌కు పరిచితుడైనాడు. పాల్ తండ్రి ఒకప్పుడు స్వయముగా జాజ్ మేళము నడిపినవాడు. కుమారునకు బాకా కొనియిచ్చినాడు. పాటకు నోరు ఖాళీ ఉండవలెనని కుమారుడు దానిని ఇచ్చివేసి గిటారు తెచ్చుకొన్నాడు. ఎడమచేతి వాటమువాడైనను గిటారును సరిగా శ్రుతిచేయ నేర్చినవాడు. వచ్చిన బాలుడు తనకంటె నేర్పరి అని లెనన్ గ్రహించినాడు. చేర్చుకొన్నచో తన పెత్తనము తగ్గును, కాదన్నచో బృందము ఎదుగదు. పదునారేండ్ల వయసున అతడు చేర్చుకొనుటకే నిశ్చయించుకొన్నాడు.

ఆ సాయంత్రమే శ్రోతలలో ఒక యువకుడు గ్రుండిగ్ టేపు రికార్డరుపై రెండు పాటలు పట్టినాడు. దశాబ్దముల తరువాత, 1994లో, ఆ టేపు సోథెబీ వేలమున 78,500 పౌనులకు అమ్ముడుపోయినది. ఆనాడు దానికి అంత విలువ కలుగునని ఎవరికి తోచియుండును?

అదే సంవత్సరము ఆగస్టులో కావెర్న్ అను జాజ్ మందిరమున లెనన్ స్కిఫిల్ విడిచి రాక్ పాటలందుకొనగా, యజమాని ఆపుమని వేదికపైకి చీటి పంపినాడు. ఒక విందులో గరుకు పలకను లెనన్ పీట్ షాటన్ నెత్తిన పగులగొట్టినాడట. షాటన్ నవ్వుచునే విరమించుకొన్నాడు. స్కిఫిల్ యుగమునకు వీరి మట్టుకు అదే భరతవాక్యము. బాంజో పోయినది, తేయాకు పెట్టెయు పోయినది. 1958లో జార్జ్ హారిసన్ వచ్చినాడు. అతడు బస్సు మేడపై 'రాంచీ' అను వాద్యరచనను పొల్లుపోకుండ వాయించి పరీక్షలో నెగ్గినాడు. అతని రాకతో ఎరిక్ గ్రిఫిత్స్ అను తొలినాటి గిటారువాడు తొలగవలసివచ్చినది. ధ్వని మెరుగైన ప్రతిసారి ఒక మిత్రుడు వెలుపలికి పోవుట ఈ చరిత్రలో మమ్ము కలచు విషయము.

1958 జూలైలో వీరు తమ సొమ్ము పోగుచేసుకొని పెర్సీ ఫిలిప్స్ అను నాతని ఇంటి స్టూడియోకు పోయినారు. ఒకే మైక్రోఫోను. డ్రమ్ములు మిక్కిలి మ్రోగుచున్నవని వానిపై గుడ్డ కప్పించిరని డ్రమ్మువాద్యగాడు కాలిన్ హాంటన్ చెప్పినాడు. బడ్డీ హాలీ పాట ఒకటి, మెకార్ట్‌నీ, హారిసన్‌ల పేర నున్న సొంత పాట ఒకటి చేరి ఒకే ఒక పలకగా వెలువడినవి. దానిని వంతులవారీగా ఇండ్లకు గొనిపోయినారు. పియానో వాయించిన జాన్ లో ఇంట అది నిలిచిపోయినది. 1981లో మెకార్ట్‌నీ దానిని కొనుక్కొన్నాడు; 1995లో లోకము విన్నది. నెమ్మదిగా సాగు ఆ సొంత పాటలో స్కిఫిల్ దడదడలు మచ్చునకైన లేవు. గొంతులు ఒకదానినొకటి ఆనుకొని నడచుట మాత్రము స్పష్టము.

ఆ జూలై 15వ తేదీననే జూలియా కారు క్రింద పడి మరణించినది. మెకార్ట్‌నీ తల్లి 1956లోనే గతించినది. ఇద్దరును ఆ సంగతి పెద్దగా చెప్పుకొనక గిటారులు ముందిడుకొని కూర్చుండెడివారు.

1959లో ఒక రాత్రి ప్రదర్శనానంతరము బస్సులో కలహము రేగి, హాంటన్ తన డ్రమ్ములతో దిగిపోయినాడు. తాళము గిటారులలోనే ఉన్నదని చెప్పుకొనుచు మిగిలినవారు కొంతకాలము నెట్టుకొనివచ్చినారు. 1960 ఆగస్టున క్రొత్త డ్రమ్ముగానితో, క్రొత్త పేరుతో హాంబర్గుకు పోయినారు.

1997లో వూల్టన్ ఉత్సవమునకు నలుబదేండ్లు నిండగా, వెనుకబడిన తొలి సభ్యులు మరల కూడి అచ్చటనే వాయించినారు. డ్రమ్ముల వద్ద కూర్చుండినవాడు హాంటన్.