అసూయ (రాజనీతి)

అసూయ అనగా ఇతరుల సంపదను, గుణాన్ని లేదా కీర్తిని చూసి ఓర్వలేకపోవడం. అరిషడ్వర్గాలలో చివరిదైన మాత్సర్యం దీనికి దగ్గరి భావం. రాజనీతిలో ఇది రాజ్యాలను చెరిచే దుర్గుణంగానూ, సమానత్వం కోరేవారిపై మోపే నిందగానూ చర్చకు వస్తుంది.

పద వివరణ

అమరకోశం ప్రకారం గుణాలలో సైతం దోషాన్ని ఆరోపించడం అసూయ, సహించలేకపోవడం ఈర్ష్య. తెలుగులో ఓర్వలేనితనం, కన్నుకుట్టడం, కడుపుమంట అనే మాటలు వాడుకలో ఉన్నాయి. వీటిలో కడుపుమంటకు అన్యాయానికి గురైనవారి ఆక్రోశం అనే అర్థం కూడా ఉంది. రాజనీతిలోని వివాదమంతా ఈ రెండు అర్థాల మధ్యనే నడిచింది.

ప్రాచీన గ్రంథాలలో

మహాభారతం సభాపర్వంలో రాజసూయం నాటి పాండవుల వైభవం చూసి దుర్యోధనుడు అసూయతో కుమిలిపోతాడు. మాయాజూదానికి అదే కారణమైంది. అయితే కౌటిల్యుడు అర్థశాస్త్రంలో రాజు జయించవలసిన ఆరు శత్రువులలో మాత్సర్యాన్ని చేర్చలేదు. పాండవులకు రాజ్యభాగం ఇవ్వని దుర్యోధనుడు మానం, అనగా అహంకారం వల్ల నశించాడని పేర్కొన్నాడు. గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ తన అలంకారశాస్త్ర గ్రంథంలో అసూయను, అనర్హుల అభ్యుదయంపై కలిగే ధర్మాగ్రహాన్ని, తానూ ఎదగాలనే స్పర్ధను వేరుచేశాడు.

ఆధునిక చింతనలో

జర్మన్ సామాజికవేత్త హెల్ముట్ షోక్ 1966లో వెలువరించిన గ్రంథంలో సమానత్వ వాదాల వెనుక అసూయ ఉన్నదని వాదించాడు. అమెరికా తత్త్వవేత్త జాన్ రాల్స్ 1971లో ప్రకటించిన న్యాయ సిద్ధాంతంలో, న్యాయసూత్రాలను ఎన్నుకునేవారు అసూయకు అతీతులని ముందుగా భావించాడు. అయినప్పటికీ, ఆత్మగౌరవాన్ని దెబ్బతీసేంత అసమానత ఉన్నచోట కలిగే అసూయ క్షమార్హమని అంగీకరించాడు.

ఆంధ్రదేశంలో

1802 నాటి శాశ్వత శిస్తు ఒప్పందం జమీందారులను భూస్వాములుగా గుర్తించింది. చల్లపల్లి, నూజివీడు, మునగాల నాటి కృష్ణా జిల్లాలోని జమీందారీలు. 1937-38లో ఇచ్ఛాపురం నుండి మద్రాసు వరకు జమీన్ రైతులు రైతు రక్షణ యాత్ర సాగించారు. టంగుటూరి ప్రకాశం అధ్యక్షతన ఏర్పడిన సంఘం, భూమికి హక్కుదారు రైతేననీ, జమీందారు శిస్తు వసూలుదారు మాత్రమేననీ 1938లో తేల్చింది. 1948లో మద్రాసు ప్రభుత్వం ఎస్టేట్ల రద్దు చట్టం చేసి, జమీందారులకు నష్టపరిహారం కూడా కల్పించింది.

అరిస్టాటిల్ విభజనతో చూస్తే ఇది అసూయ కాదు. రైతులు కోరినది జమీందారుల పతనాన్ని కాదు, తాము దున్నే భూమిపై హక్కును. ఎదుటివాని నష్టంతో తృప్తిపడేది అసూయ. తనకు రావలసినది అడిగేది న్యాయం.

ఇవి కూడా చూడండి

అరిషడ్వర్గాలు
అర్థశాస్త్రం
జమీందారీ వ్యవస్థ