రాతిపువ్వు పరిమళము

సంతలో మసాలా దినుసులు కొనునప్పుడు లవంగములు, యాలకులు, దాల్చినచెక్కల నడుమ ఎండి ముడుచుకొనిన కాగితపు ముక్కలవలె కనబడు నల్లని బూడిదరంగు వస్తువును మీరు చూచియుందురు. దానినే రాతిపువ్వు అందురు. పేరునకు పువ్వే గాని దానికి రేకులు లేవు, కాండము లేదు, వేరు లేదు. ఊరకే వాసన చూచినయెడల అంతగా ఏమియు తెలియదు. కాగిన నూనెలో పడినప్పుడు మాత్రము తడిసిన అడవి వాసనయు మసాలా ఘాటును కలిసి ఇల్లంతయు నిండును. ఈ అల్పవస్తువునకు పెద్ద చరిత్ర కలదు.

అల్లూరి సీతారామరాజు జిల్లాలోని అనంతగిరి కొండలకు వానకాలమున వెళ్లినవారు ఇట్టి వాసననే ఎరుగుదురు. అక్కడ సముద్రమట్టమునకు సుమారు 1000 మీటర్ల ఎత్తున మబ్బులు చెట్లను తాకుచు పోవుచుండును. పెద్ద చెట్ల నీడను కాఫీ మొక్కలు, ఆ చెట్ల మ్రానులను పట్టుకొని మిరియపు తీగెలు పెరుగుచున్నవి. బెరడుమీద ఒక ప్రక్క పచ్చని నాచు, మరియొక ప్రక్క బూడిదపచ్చని పొలుసులు అంటుకొనియుండును. నాచు, తడిబెరడు, మిరియము, మన్ను కలిసిన ఆ పచ్చని ఘాటు మరువరానిది.

ఆ పొలుసులు నాచు కావు. శాస్త్రజ్ఞులు వాటిని లైకెన్లు అందురు. రాతిపువ్వు ఆ జాతిలోనిదే. బూజు జాతి జీవియొకటి, పాచి జాతి జీవియొకటి కలిసి చేయు కాపురమే లైకెన్. బూజు ఇల్లు కట్టి తడిని నిలుపును. పాచి సూర్యకాంతితో ఆహారము వండును. స్విట్జర్లాండు దేశస్థుడైన సైమన్ ష్వెండెనర్ 1867లో ఈ సంగతి చెప్పినప్పుడు అనేక పండితులు నమ్మలేదు. నేడు దీనిని పాఠశాల పిల్లలును చదువుచున్నారు.

ఇట్టి అడవి వాసనను సీసాలో నిలుపవలెనని మనుష్యులు బహుకాలము ప్రయాసపడిరి. మన ఉత్తరదేశమందలి కన్నౌజు పట్టణములో అత్తరు చేయువారు షమామా అను అత్తరులో అనేక మూలికలతోను మసాలా దినుసులతోను రాతిపువ్వును కూడ వేయుదురు. వారు దానిని ఛరీలా అందురు. ఐరోపాలో సిందూర జాతి చెట్లమీద పెరుగు మరియొక లైకెన్‌ను వాడిరి. అది రాతిపువ్వు కుటుంబములోనిదే. దానిని ద్రావకములో నానవేసి, ఆ ద్రావకమును ఆవిరిచేయగా ముదురుపచ్చని జిగట సారము మిగులును. తేలిక వాసనలు త్వరగా ఎగిరిపోకుండ అది పట్టి నిలుపును.

1917లో ఫ్రాన్సు దేశమందు ఫ్రాన్స్వా కోటీ అను వర్తకుడు ఈ సారమును, నిమ్మజాతి పండు తొక్కనూనెను, లాబ్దనము అను బంకను కలిపి షీప్ర్ అను పరిమళము చేసెను. ఫ్రెంచి భాషలో ఆ మాటకు సైప్రస్ ద్వీపమని అర్థము. మన బైబిలులో బర్నబా పుట్టిన కుప్ర అదియే. ఆ బంక అట్టి ద్వీపములలోని పొదలనుండి వచ్చునది. నాటినుండి ఇట్టి కలయికగల పరిమళములకు షీప్ర్ అనునది వంశనామమాయెను. అయితే ఆ సారములోని అట్రనాల్ వంటి పదార్థములు కొందరి చర్మమునకు పడవని తేలగా, ఐరోపా సమాజము 2017లో వాటిని నిషేధించుటకు నిర్ణయించెను. 2021 ఆగస్టు తరువాత అవి కలిసిన సరకు అక్కడ అమ్మరాదు. నేటి తయారీదారులు వాటిని తొలగించిన సారమును వాడుచున్నారు.

ఇప్పుడు మీరు జాగ్రత్తగా ఆలోచింపవలసిన సంగతి ఒకటి కలదు. లైకెన్‌కు వేరు లేదు గనుక వానతోను గాలితోను వచ్చినదే దానికి ఆహారము. గాలిలో పొగ విషము చేరినయెడల దానిని వడగట్టుకొను ఉపాయము దానికి లేదు. 1866లో విలియం నైలాండర్ అను శాస్త్రజ్ఞుడు పారిస్ నగరమందు లైకెన్లు నశించిపోవుట చూచి, ఇవి గాలి శుద్ధికి గురుతులని వ్రాసెను. మరియు ఆకువంటి లైకెన్లు అనేకము సంవత్సరమునకు కొద్ది మిల్లీమీటర్లే పెరుగును. అరచేయి వెడల్పు పొలుసును గీకివేయుటకు నిమిషము చాలును. అది మరల పెరుగుటకు ఎన్నియో యేండ్లు పట్టును.

అనంతగిరి కొండలలో 1960 ప్రాంతమునుండి అటవీశాఖవారు కాఫీ తోటలు వేసిరి. తరువాత గిరిజన కుటుంబములు తమ భూములలోను పెంచసాగిరి. 2019లో అరకు లోయ కాఫీకి భౌగోళిక గుర్తింపు లభించెను. ఆ కాఫీకి నీడనిచ్చు ముదురు చెట్లే లైకెన్లకును నివాసము. చెట్టు పడిపోయిన దినమున నీడయు, మిరియపు తీగెయు, బెరడుమీది పొలుసును ఒక్కసారే పోవును. అడవిలో దొరకు చిల్లర సరకును ఏరి అమ్ముకొను హక్కును 2006 నాటి అటవీ హక్కుల చట్టము గిరిజనులకిచ్చినది. ఆ హక్కు బిడ్డలకును మిగులవలెనన్న, బెరడును గాయపరచక, ప్రతి చెట్టునను కొంత విడిచి ఏరవలెను.

కావున ప్రియులారా, ఈసారి మీ వంటయింట రాతిపువ్వు వేగునప్పుడు, ఆ చిటికెడు ఎన్ని వానలు త్రాగి, ఎన్ని యేండ్లు ఓర్చి పెరిగినదో పిల్లలకు చెప్పుడి. విలువ తెలిసినవారు దానిని వృథా చేయరు.