అమ్మకూడని నేల

‘అన్యాక్రాంతం’ అనే మాట మనకు ఎక్కువగా ఫిర్యాదుల్లోనే వినిపిస్తుంది. చెరువు శిఖం అన్యాక్రాంతమైంది, దేవుడి మాన్యం అన్యాక్రాంతమైంది అని పేపర్లో చదువుతుంటాం. స్త్రీల విషయంలో ఈ మాటకి ఇంకో చరిత్ర ఉంది. 1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చేదాకా, భర్త పోయిన స్త్రీకి ఆయన భూమి మీద ఏదైనా దక్కితే అది పరిమిత హక్కే. బతికున్నన్నాళ్లు ఆ పంట తినొచ్చు. గట్టి అవసరం చూపిస్తే తప్ప అమ్మడానికి వీల్లేదు. ఆమె పోయాక అది భర్త వారసులకి వెళ్లిపోయేది. అమ్మకూడదు అన్న మాట ఆమె చేతులకి వేసిన కట్టు.

ఇంగ్లండ్‌లో ‘నేషనల్ ట్రస్టు’ పుట్టిన కథ చదువుతున్నప్పుడు ఈ సంగతే గుర్తొచ్చింది. అక్కడ అమ్మకూడదనే షరతుని స్త్రీలే కోరి మరీ నేల కోసం అడిగారు.

వాళ్లెవరో చెప్పేముందు చట్టం సంగతి చెప్పాలి. ఇంగ్లండ్‌లో పెళ్లితోనే భార్య భూమి మీద అజమాయిషీ, దాని మీద వచ్చే ఆదాయం భర్త చేతికి పోయేవి. 1882 నాటి చట్టంతోగానీ వివాహిత తన ఆస్తిని తన పేరున పూర్తిగా ఉంచుకోలేకపోయింది. కాబట్టి ట్రస్టుకి మొట్టమొదట భూమి ఇచ్చిన ఫానీ టాల్బట్ వితంతువు కావడం, ట్రస్టు వెనక ఉన్న పట్టుదల ఆక్టేవియా హిల్ అనే అవివాహితది కావడం యాదృచ్ఛికమని నేను అనుకోను. నేల మీద తన ఇష్టం చెల్లించుకోగల స్త్రీ ఆ తరంలో దాదాపుగా మగతోడు లేని స్త్రీయే.

హిల్ (1838-1912) పని మొదలైంది అడవుల్లో కాదు, లండన్ మురికివాడల్లో. 1865లో జాన్ రస్కిన్ డబ్బుతో కొన్న ఇళ్లని బాగుచేయించి, పేదలకి అద్దెకిచ్చి, వారం వారం తనే వెళ్లి అద్దె వసూలు చేసేది. ఒక్క గదిలో కుటుంబమంతా బతికే ఆడవాళ్లకి కూర్చోడానికి బయట నాలుగు గజాల పచ్చిక కావాలన్నది ఆమెకి పుస్తకాల్లో దొరికిన సత్యం కాదు. 1875లో ఉత్తర లండన్‌లోని స్విస్ కాటేజ్ పొలాలని ఇళ్ల స్థలాలు కాకుండా కాపాడాలని చందాలు పోగుచేసింది. డబ్బు చాలావరకు వచ్చింది. ఈలోగా యజమానులు మనసు మార్చుకున్నారు. అక్కడ ఇళ్లు లేచాయి.

ఈ ఓటమిలోనే అసలు పాఠం ఉంది. జనం తరఫున భూమి కొని, జనం తరఫున పట్టుకునే సంస్థంటూ ఒకటి లేదు. 1884లో న్యాయవాది రాబర్ట్ హంటర్ దీనికోసం ఒక కంపెనీ పెట్టాలని ప్రతిపాదించాడు. మరుసటి ఏడు హిల్ ఆయనకి ఉత్తరం రాసింది: కంపెనీ అంటే లాభం గుర్తొస్తుంది, ‘ట్రస్టు’ అనండి అని. హంటర్ ఆ ఉత్తరం మీదే పెన్సిల్‌తో, పక్కన ప్రశ్నార్థకం పెట్టి, ‘నేషనల్ ట్రస్టు’ అని రాసుకున్నాడు. హంటర్, హిల్, కానన్ రాన్స్‌లీ కలిసి 1895 జనవరిలో దాన్ని రిజిస్టరు చేయించారు. ట్రస్టు కోశాధికారిగా లెక్కలు చూసింది హిల్ జీవిత సహచరి హారియట్ యార్క్. స్థాపకుల జాబితాలో ఆమె పేరు కనపడదు. పద్దులు రాసేవాళ్ల పేర్లు ఎక్కడ మాత్రం కనపడతాయి?

ఆ ఏడాది మార్చిలోనే వేల్స్ సముద్రతీరాన బార్మౌత్ పైనున్న డినాస్ ఓలే కొండవాలు, నాలుగున్నర ఎకరాలు, టాల్బట్ ఇచ్చేసింది. వేల్స్ భాషలో ఆ పేరుకి వెలుగుకోట అని అర్థం. ఆమె షరతులు నాకు భలే నచ్చాయి. గడ్డిబాటలు ఉండొచ్చు, తగిన చోట రాతి బల్లలు ఉండొచ్చు. తారుబాటలు, పాము వంపుల పోత ఇనుప బల్లలు మాత్రం వద్దు. మన పార్కుల్లో సిమెంటు జింకల్ని చూసినప్పుడల్లా ఈవిడ గుర్తొస్తుంది.

1907లో పార్లమెంటు చట్టం చేసింది. ట్రస్టు ఫలానా నేల అన్యాక్రాంతం కారాదని ప్రకటిస్తే, ఆ తర్వాత ట్రస్టు సైతం దాన్ని అమ్మలేదు, తాకట్టు పెట్టలేదు. అంతకు ఐదేళ్ల ముందు, 1902లో, డెర్వెంట్ వాటర్ సరస్సు ఒడ్డున బ్రాండెల్‌హౌ అడవి 108 ఎకరాలని 6,500 పౌండ్లకి కొన్నారు. ఐదు నెలల్లో పోగైన ఆ డబ్బులో కార్మికుల షిల్లింగులున్నాయి. తాము ఆ సరస్సుని ఎన్నడూ చూడలేమని తెలిసి పంపినవాళ్లూ ఉన్నారు.

ఇంతవరకూ చెప్పి ఆపితే హిల్ మనకి చక్కగా ఒదిగిపోతుంది. కానీ 1910లో ఆమె ‘టైమ్స్’ పత్రికకి స్త్రీలకి పార్లమెంటు ఓటు వద్దని రాసింది. స్త్రీపురుషుల పనులు వేరు వేరనీ, రాజకీయాల్లో పడితే స్త్రీలు చేస్తున్న నిశ్శబ్దమైన ప్రజాసేవ చెడుతుందనీ వాదన. తను మాత్రం పార్లమెంటు సభ్యులతో, భూస్వాములతో బేరమాడుతూనే ఉంది! దీన్ని ఆ కాలపు పరిమితి అని కొట్టిపారేయలేం, ఓటు కోసం జైళ్లకి వెళ్లిన స్త్రీలదీ అదే కాలం. ఆమె నమ్మింది పాలనని, సంరక్షణని, హక్కుని కాదు. పేదలకి పచ్చిక ఇవ్వాలి, ఎవరికి ఎంత అన్నది మాత్రం తెలిసినవాళ్లు చూసుకోవాలి. ఈ ధోరణి ట్రస్టు అనే మాటలోనే ఉందేమో. ధర్మకర్త ఉన్నచోట లబ్ధిదారు ఉంటాడు, హక్కుదారు కాదు.

పాత ఉమ్మడి భూముల లెక్క వేరు. అక్కడ పుల్లలేరుకోవడం, ఆవుని మేపుకోవడం హక్కులు. అవి కంచెల్లోకి పోయినప్పుడు ఎక్కువ నష్టపోయింది పేద స్త్రీలు. మన దగ్గర ఆ నేలల పేరు ‘పోరంబోకు’ తిట్టుగా మారింది. ఉమ్మడిదాని మీద మన గౌరవం అంత!

చూడ్డానికి కాపాడిన నేలకీ, వాడుకున్న నేలకీ ఉన్న తేడా కేంబ్రిడ్జి దగ్గర వికెన్ ఫెన్ అనే చిత్తడినేలలో బయటపడింది. 1899లో అక్కడ రెండెకరాలు పది పౌండ్లకి కొన్నారు. అది ట్రస్టు మొదటి ప్రకృతి రక్షిత స్థలం. ఊరివాళ్లు తరతరాలుగా అక్కడి తుంగజాతి గడ్డిని కప్పులకి కోసుకునేవాళ్లు, పొయ్యిలోకి పీట్ మట్టి తవ్వుకునేవాళ్లు. ఆ గడ్డికి గిరాకీ తగ్గి కోతలు ఆగాక నేల పొదలమయమైంది. మనుషులు ముట్టకుండా వదిలేస్తే మిగులుతుందనుకున్నది నిజానికి కొడవలి నిలబెట్టిన ప్రకృతి. అక్కడి స్వాలోటెయిల్ సీతాకోకచిలుక 1950లలో మాయమైంది. ఆ పైన చుట్టూ సాగుభూముల్లో నీళ్లు తోడేయడంతో పీట్ ఎండి కుంగింది. రక్షిత నేల ఎత్తు మీద మిగిలి, దాని తడి నిలవడమే కష్టమైంది. మళ్లీ కోతలు మొదలెట్టారు. 1999లో వందేళ్ల పథకం ఒకటి వేసుకున్నారు. పక్క పొలాలు కొంటూ, వాటిని తడుపుతూ, కొనిక్ గుర్రాలనీ హైలాండ్ పశువులనీ మేపుతూ, దాదాపు 53 చదరపు కిలోమీటర్లకి విస్తరించాలని.

ఈ సంగతి ముందే పసిగట్టిన మనిషి, సాహిత్యం చదువుకున్న నాకు పీటర్ రాబిట్ రచయిత్రిగానే పరిచయమైన బియాట్రిక్స్ పాటర్. 1905లో, ముప్ఫైతొమ్మిదేళ్ల అవివాహితగా, పుస్తకాల డబ్బూ పినతల్లి వరుసావిడ ఇచ్చిన కొంత సొమ్మూ కలిపి లేక్ డిస్ట్రిక్ట్‌లో హిల్ టాప్ పొలం కొంది. తర్వాత ఒక్కొక్కటే కొంటూ పోయి, 1943లో చనిపోతూ నాలుగువేల ఎకరాల పైచిలుకు ట్రస్టుకి రాసింది. ఆమె ఇచ్చింది ఖాళీ దృశ్యాన్ని కాదు. కౌలుదార్లతో, మందలతో సహా ఇచ్చింది. కొండ పొలాల్లో మేసేవి స్వచ్ఛమైన హెర్డ్‌విక్ జాతి గొర్రెలే అయ్యుండాలని వీలునామాలో షరతు పెట్టింది. ఆ గొర్రెల పెంపకందారుల సంఘం చనిపోయిన ఏడాదే ఆమెని అధ్యక్షురాలిగా ఎన్నుకుంది. అంతవరకూ ఆ కుర్చీలో స్త్రీ లేదు. ఆమె కూడా కూర్చోలేదు. పదవి చేపట్టేలోగానే, డిసెంబరులో పోయింది.