నవలలో రుద్రమ, శిలలో రుద్రమ

ఇటీవల అడివి బాపిరాజు గారి ‘గోన గన్నారెడ్డి’ని, నోరి నరసింహశాస్త్రి గారి ‘రుద్రమదేవి’ని ఒకదాని వెంట ఒకటి మరల చదివాను. రెంటిలోను కాకతీయ రుద్రమ దర్శనమిస్తుంది. నాకు తోచిన నాలుగు మాటలు సహృదయులతో పంచుకొంటున్నాను.

బాపిరాజు గారు చిత్రకారులు. చరిత్రను రంగులలో చూశారు. గన్నారెడ్డిని పైకి గజదొంగగా, లోన రాజభక్తునిగా తీర్చారు. పురుషవేషం ధరించిన అన్నాంబికకు అతనిపై గల ప్రణయం ఒకవంక, రుద్రమ, చాళుక్య వీరభద్రుల అనురాగం మరొకవంక కథను నడిపిస్తాయి. వర్ణనలు కొన్నిచోట్ల కథకు అడ్డుపడినా, చదివించే గుణానికి లోటు లేదు. రేపల్లెలో న్యాయవాదిగా ఉండిన శాస్త్రిగారిది వేరు త్రోవ. వారి రచన గంభీరం. ప్రణయం కంటె రాజనీతికే అందులో పెద్దపీట.

ఇందులో కల్పన ఎంత? రుద్రమ మగపేరుతో ఏలడం కల్పన కాదు. శాసనాలు ఆమెను రుద్రదేవ మహారాజుగా పేర్కొన్నాయి. నిడుదవోలు చాళుక్య వీరభద్రుడు ఆమె భర్త అన్నదీ చారిత్రకమే. వారి మనసులలో ఏమున్నదో శాసనాలు చెప్పవు. అక్కడ ఊహించే హక్కు నవలాకారునికి ఉన్నదనే నా అభిప్రాయం.

అయితే నల్లగొండ జిల్లా చందుపట్ల శాసనం తలపునకు వచ్చినప్పుడు ఈ నవలలలో ఒక వెలితి కనబడుతుంది. అది 1289 నవంబరు నాటిది. రుద్రమదేవి, సేనాని మల్లికార్జున నాయకుడు శివైక్యం చెందారనీ, వారి పుణ్యార్థం పువ్వుల ముమ్మడి అనే సేవకుడు భూదానం చేశాడనీ అది తెలుపుతుంది. కాయస్థ అంబదేవునితో జరిగిన పోరులో ఆమె మరణించిందని చరిత్రకారుల ఊహ. అప్పటికామె రాజ్యభారం వహించి సుమారు మూడు దశాబ్దాలు. దౌహిత్రుడు ప్రతాపరుద్రుడు ఎదిగివచ్చాడు.

బాపిరాజు గారు 1952లో కీర్తిశేషులయ్యారు. శాసనం ఆ తరువాతనే పండితుల దృష్టికి వచ్చింది. కనుక వారిని తప్పుపట్టలేము. కాని 2015లో వచ్చిన ‘రుద్రమదేవి’ చలనచిత్రం కూడా యువరాణి చుట్టూనే తిరిగింది. రుద్రమ అనగానే నా విద్యార్థినులకు గుర్రమెక్కిన యువతియే మెదిలేది. మనుమడు చేతికంది వచ్చిన వయసులోను కదనరంగానికి కదలిన ముదుసలి రాణిని వారికి ఎవరు చూపాలి? సామాన్య సేవకుడొకడు తన పొలం ముక్కతో ఆమె ఋణం తీర్చుకొన్న వైనం ఏ ప్రణయకథకు తీసిపోతుంది?

ఆ నవల ఇంకా రావలసి ఉన్నది. ఇప్పటికే ఎవరైనా వ్రాసి ఉంటే, చదివినవారు తెలుపగలరని ప్రార్థన.