పిల్లలున్న కుటుంబం, అద్దె ఇల్లు: చట్టం ఎంతవరకు?

ఆదోని పత్తి మిల్లులకు, ఎమ్మిగనూరు చేనేతకు పేరు పొందాయి. పని కోసం ఇలాంటి పట్టణానికి వచ్చిన కుటుంబం మొదట వెతికేది అద్దె ఇల్లు. "పిల్లలెంతమంది?" అన్న యజమాని ప్రశ్నను చట్టం ఎలా చూసింది? రెండు దశలుగా పరిశీలిద్దాం.

ఇంట్లో చేరాక ఆదోని వంటి మున్సిపాలిటీల్లో 1960 నాటి ఆంధ్రప్రదేశ్ అద్దె నియంత్రణ చట్టం రక్షణ కల్పించింది. బుద్ధిపూర్వకంగా అద్దె ఎగవేయడం, యజమాని సొంత అవసరం వంటి 10వ సెక్షన్ కారణాలు రుజువైతేనే ఖాళీ చేయించాల్సి ఉండేది. పిల్లలుండడం అందులో కారణం కాదు. అయితే 1957 ఆగస్టు 26 తరువాత కట్టిన ఇళ్లకు మొదట మినహాయింపు ఉండేది. 1983లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది.

ఇంట్లో చేరకముందు పరిస్థితి వేరు. అస్పృశ్యత పేరుతో నివాసాన్ని అడ్డుకోవడం 1955 చట్టం ప్రకారం నేరం. పిల్లలున్నారని ఇల్లు నిరాకరించడాన్ని నిషేధించే నిబంధన మాత్రం ఈ రెండు చట్టాల్లోనూ లేదు. అమెరికాలో 1968 నాటి గృహవసతి చట్టానికి కూడా ఈ రక్షణ 1988 సవరణతోనే చేరింది.

అందువల్ల అద్దెకు దిగిన కుటుంబానికి దొరికిన భద్రత, ఇల్లు వెతుక్కునే కుటుంబానికి దొరకలేదు. ఇల్లు దొరక్కపోతే పిల్లల చదువు కూడా ఆగుతుంది. మీ పట్టణంలో ఈ పరిస్థితిని గమనించి రాయండి.