ఆలస్యంగా ముదిరిన నీలం

కోరుకొండ లక్ష్మీనరసింహస్వామి గుడి మెట్లు ఆగకుండా ఎక్కి చూడండి. కాసేపటికే పిక్కలు పట్టేస్తాయి. మెట్టు మీద కూలబడి నాలుగు నిమిషాలు ఊపిరి పీల్చుకుంటే కాళ్లలో మళ్లీ సత్తువ. పోయింది ఎక్కడికి పోయింది, ఎలా తిరిగొచ్చింది? ఆ లెక్క తేల్చినవాళ్లలో ఒకరు ఈ పక్కనే రాజమండ్రిలో బడికెళ్లిన కుర్రాడు.

యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టారు. మెట్రిక్ మూడోసారికి గట్టెక్కారు. 1922లో బోస్టన్ చేరి, తొలిరోజుల్లో రాత్రిళ్లు ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు కడుగుతూ హార్వర్డ్‌లో చదివారు.

అక్కడి శాస్త్రవేత్త సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో భాస్వరాన్ని రంగుతో కొలిచే పద్ధతి ప్రకటించారు. ఫాస్ఫేటు రుణావేశమున్న అయాను. ఆమ్లంలో దానికి మాలిబ్డేటు తోడైతే రెండూ ఒక గుత్తి కడతాయి. ఆ గుత్తికి ఎలక్ట్రాన్లు అందించే రసాయనం చుక్క పడిందా, నీలం! ఎంత ఫాస్ఫేటుంటే అంత ముదురు. మన పొలం మట్టి పరీక్షకిస్తే భాస్వరం ఎంతో చెప్పేదీ ఈ జాతి నీలమే.

ఇక ఈ పద్ధతితో కండరంలోని ఫాస్ఫేటును కొలవబోయిన రోజు. నా కళ్లకు కట్టినట్టు చెబుతాను.

రెండు గొట్టాలు. ఒకదానిలో కొలత తెలిసిన ఫాస్ఫేటు లవణం, రెండోదానిలో పిల్లి కండరం నుంచి తీసిన తేట. మొదటిది నిమిషాల్లో రంగు తేలి నిలిచిపోయింది. రెండోది లేతగానే ఉంది. కాసేపటికి కొంచెం ముదిరింది. ఇంకాసేపటికి మరికొంచెం. అరగంట కావస్తున్నా ముదురుతూనే ఉంది. గొట్టం సరిగా కడగలేదనుకుని పారబోయడం ఎవరికైనా తోచే పని. వీళ్లు పారబోయలేదు. నాకు ఈ కథలో అన్నిటికన్నా గొప్పగా తోచేది ఆ అరగంటే.

ఫాస్ఫేటు అక్కడ విడిగా లేదు. క్రియాటిన్ అనే పదార్థాన్ని అంటిపెట్టుకుని ఉంది. గొట్టంలోని ఆమ్లం, మాలిబ్డేటు కలిసి ఆ బంధాన్ని మెల్లమెల్లగా తెంచుతుంటే కొద్దికొద్దిగా బయటపడుతోంది. ఆ జంటే ఫాస్ఫోక్రియాటిన్. కండరానికి కరెంటు తాకించి పని చేయిస్తే అది తరిగిపోయింది. విశ్రాంతినిస్తే, మెట్ల మీద సత్తువలాగే, మళ్లీ చేరింది. 1927లో ఈ సంగతి అచ్చయింది. లండన్‌లో శాస్త్రవేత్తలైన ఎగిల్టన్ దంపతులు కూడా అప్పుడే ఆ పదార్థం దగ్గరికి వచ్చారు. అప్పటిదాకా కండరం పనికి మూలం లాక్టిక్ ఆమ్లమేననుకునేవారు; ఆ దారిలో సాగిన పరిశోధనలకు నోబెల్ దక్కి ఐదేళ్లయినా కాలేదు.

ఉందని చెబితే చాలదు, చేతికి తీసి చూపించాలి. అదేమో ఆమ్లం తగిలితే విరిగిపోయే సరుకు. క్షారంలోనైతే నిలుస్తుంది. రుణావేశమున్న దానికి రెండు ధనావేశాల కాల్షియాన్ని జోడీ కట్టారు. 1929లో ఫాస్ఫోక్రియాటిన్ కాల్షియం లవణంగా, స్ఫటికాలై, పాత్ర అడుగున దిగింది.