'చెక్' అనే మాట పుట్టుక

చదరంగంలో రాజుకు ముప్పు ఏర్పడితే 'చెక్' అంటారు. వాహనాలను ఆపే చోటు చెక్‌పోస్టు. లెక్కలు సరిచూడటం చెక్ చేయటం. గళ్ల బట్టకు చెక్స్ అని పేరు. సొమ్ము చెల్లించవలసిందిగా బ్యాంకుకు వ్రాసే కాగితం చెక్కు. ఒక చిన్న ఆంగ్ల పదం ఇన్ని అర్థాలను మోస్తున్నది.

వీటిలో బ్యాంకు చెక్కును గురించి ముస్లిం సమాజంలో ఒక వాదన బహుళ ప్రచారంలో ఉన్నది. ఆ పేరు అరబీ పదమైన 'సక్' నుండి పుట్టిందన్నదే ఆ వాదన. ఇందులో ఎంత నిజమున్నదో పరిశీలించటం అవసరం.

సక్ అంటే హక్కునో బాకీనో తెలిపే లిఖిత పత్రం. మర్వాన్ బిన్ హకమ్ మదీనా గవర్నరుగా ఉన్న కాలంలో ప్రజలకు ఆహారధాన్యాల నిమిత్తం ఇటువంటి పత్రాలు ఇచ్చేవారు. ధాన్యం చేతికి రాకముందే కొందరు వాటిని అమ్ముకోసాగారు. హజ్రత్ అబూ హురైరా (రజి) దీనిని ఆక్షేపించగా మర్వాన్ ఆ అమ్మకాలను నిషేధించాడని 'సహీహ్ ముస్లిం' తెలుపుతున్నది. క్రీ.శ. 10వ శతాబ్దపు యాత్రికుడు ఇబ్న్ హౌఖల్, సహారా ఎడారి అంచునున్న అవ్‌దగుస్త్ వర్తకుడొకడు సిజిల్‌మాసా వాసికి 42,000 దీనార్లు బాకీ ఉన్నట్లు తెలిపే సక్‌ను చూశానని వ్రాశాడు. హి.శ. 443 (క్రీ.శ. 1051)లో బస్రా చేరిన నాసిర్ ఖుస్రో, అక్కడి వర్తకులు తమ సొమ్మును సర్రాఫు వద్ద ఉంచి, అతనిపై వ్రాసిన చీటీలతోనే సరుకులు కొనేవారని పేర్కొన్నాడు.

కాబట్టి పత్రం ద్వారా చెల్లించే పద్ధతి ముస్లిం ప్రపంచంలో వర్ధిల్లిందనటంలో సందేహం లేదు. అయితే ఆ పద్ధతి చరిత్ర వేరు, ఆంగ్ల పదం చరిత్ర వేరు.

భారతదేశపు చతురంగం ఇరాన్‌లో 'చత్రంగ్', అరబ్బుల వద్ద 'షత్రంజ్' అయి యూరప్ చేరింది. రాజును హెచ్చరించే పారసీ పదం 'షాహ్' దానితోపాటే ప్రయాణించింది. అది లాటిన్‌లో 'స్కాకస్', పాత ఫ్రెంచిలో 'ఎషెక్', ఆంగ్లంలో 'చెక్'గా మారింది. రాజు కదలికను అడ్డుకోవటం నుండి ఆపటం, అదుపు చేయటం, సరిచూడటం అనే అర్థాలు వచ్చాయి. చదరంగపు బల్ల నుండి గళ్ల బట్టకు పేరు వచ్చింది. ఇంగ్లండు రాజు ఖజానా అధికారులు 12వ శతాబ్దంలో గళ్ల గుడ్డ పరచిన బల్లపై బిళ్లలు పేర్చి లెక్కలు కట్టేవారు. అందుకే ఆ శాఖకు 'ఎక్స్‌చెకర్' అనే పేరు స్థిరపడింది. 18వ శతాబ్దం తొలినాళ్లలో 'చెక్' అంటే దొంగ పత్రాలను పట్టుకోవటానికి ఉంచుకునే ప్రతిభాగం. తరువాత ఆ పేరు పత్రానికే వచ్చింది. బ్రిటిష్ వారి వ్రాతలో దాని అక్షరక్రమం మారటానికి కారణం ఎక్స్‌చెకర్ ప్రభావమే.

ధ్వని సామ్యం చుట్టరికానికి రుజువు కాదు. శిల్పి రాతిని చెక్కుతాడు. ఆ తెలుగు చెక్కుకూ బ్యాంకు చెక్కుకూ సంబంధమున్నదని ఎవరూ అనరు. హదీసువేత్తలు ఎంత చక్కని మాటనైనా ఎవరి నుండి ఎవరు విన్నారో తెలిపే పరంపర లేనిదే స్వీకరించలేదు. పదాల విషయంలోనూ అదే గీటురాయి కావాలి. షాహ్ నుండి చెక్ వరకు పరంపరలో ప్రతి మెట్టూ కనబడుతున్నది. సక్ నుండి చెక్కు వరకు అటువంటి పరంపర లేదు. పైగా సక్ సైతం పారసీ నుండి అరబీలోకి వచ్చిన మాటేనని నిఘంటుకర్త జౌహరీ వ్రాశాడు.

బస్రా సర్రాఫుల ఘనతకు ఆంగ్ల పదం సాక్ష్యం అక్కరలేదు. నిలవని ఆధారాన్ని చూపితే, నిలిచే ఆధారాలను సైతం వినేవారు శంకిస్తారు. సొంత చరిత్రను అభిమానించేవారే దానిని అందరికంటే కఠినంగా పరీక్షించాలి.